ఆటస్థలమే తొలి పాఠశాల: డాన్ బోస్కో జీవితగాథ

డాన్ బోస్కో పేరు మన ప్రాంతాల ప్రజలకు కొత్త కాదు. పాఠశాలల ముఖద్వారాల మీద, వృత్తి శిక్షణ కేంద్రాల గోడల మీద ఆ పేరు తరచు కనబడుతూనే ఉంటుంది. అయితే ఆ మహనీయుని జీవితకృషి గడ్డి మైదానాలలో, వీధి మొగల్లో, ఆటపాటల నడుమ ఆరంభమైందన్న సంగతి చాలామంది ఎరుగరు. బడికి దూరమైన బాలుణ్ణి తిరిగి విద్య వైపు మళ్లించే దారి ఆటస్థలం గుండానే పోతుందని ఆయన విశ్వసించారు. విశ్వసించినదాన్ని నాలుగు దశాబ్దాలకు పైగా ఆచరించి చూపారు.

తండ్రి లేని బాల్యం

ఇటలీ వాయవ్య భాగంలో, ఆల్ప్స్ పర్వతాల చెంత పీడ్‌మాంట్ అనే ప్రాంతం ఉంది. నాడు అది సార్డీనియా రాజ్యంలో భాగం. అక్కడి బెక్కి అనే కుగ్రామంలో, ఒక పేద రైతు కుటుంబంలో 1815 ఆగస్టు 16న జొవాన్ని బోస్కో జన్మించారు. రెండేళ్లు నిండక ముందే, 1817లో, తండ్రి ఫ్రాంచెస్కో న్యుమోనియాతో మరణించారు. ఇల్లు, పొలం, ముగ్గురు పిల్లలు, వృద్ధురాలైన అత్తగారు, అన్నింటి భారమూ తల్లి మార్గరీతపై పడింది. ఆమెకు చదవడం, రాయడం రాదు. కష్టం తెలుసు, దైవభక్తి తెలుసు, పిల్లలను కొట్టకుండా దిద్దడం తెలుసు.

ముగ్గురిలో పెద్దవాడు ఆంటోనియో, తండ్రి మొదటి భార్య కుమారుడు. పొలం దున్నేవానికి పుస్తకమెందుకన్నది అతని వాదన. తమ్ముడు పుస్తకం పట్టిన ప్రతిసారీ ఇంట్లో గొడవే. ఆ కలహం ముదిరి, 1828 ఫిబ్రవరిలో తల్లి పన్నెండేళ్ల కొడుకును వేరొక ఊరి కమతంలో జీతానికి పంపవలసి వచ్చింది. దాదాపు రెండేళ్లు ఆయన అక్కడ పాలేరుగా పనిచేశారు. బడి ఈడులో పశువుల వెంట తిరిగిన బాలుని మనసు ఎలా ఉంటుందో ఆయన మరొకరి వద్ద నేర్చుకోవలసిన అవసరం రాలేదు.

తాడు మీద నడిచిన బాలుడు

సంతలకు, తిరునాళ్లకు వచ్చే గారడీవారిని, తాడు మీద నడిచేవారిని బాలుడైన బోస్కో కన్నార్పక చూసేవారు. చూసినదాన్ని ఇంటికి వచ్చి, పదేపదే కిందపడుతూ సాధన చేసేవారు. పిల్లిమొగ్గలు, చేతులపై నడక, తాడు మీద నడక, హస్తలాఘవ విద్యలు ఒక్కొక్కటిగా అలవడ్డాయి. ఆదివారాలలో రెండు చెట్ల నడుమ తాడు కట్టి ఊరివారికి ప్రదర్శనలు ఇచ్చేవారు. ఆ ప్రదర్శనకు రుసుము వింతైనది. ముందుగా అందరూ కలిసి జపమాల ప్రార్థన చేయాలి, ఆ ఉదయం గుడిలో గురువు చెప్పిన ప్రసంగాన్ని బోస్కో తిరిగి చెబితే వినాలి. వినడానికి ఇష్టపడనివారికి ఆట చూసే భాగ్యం లేదు.

ఇది బాల్యచేష్టగా కనబడవచ్చు. కాని మంచి మాట చెప్పదలచినవాడు ముందుగా వినేవారి ఆనందాన్ని పంచుకోవాలన్న సూత్రం ఆయనకు ఆ పచ్చికబయలులోనే పట్టుబడింది.

కలోస్సో అనే వృద్ధ మతగురువు ఆయనకు లాటిన్ నేర్పడం ప్రారంభించారు. 1830లో ఆ గురువు మరణించడంతో చదువు మళ్లీ ఆగింది. 1831లో కియేరి పట్టణంలో బడిలో చేరేనాటికి ఆయనకు పదహారేళ్లు. తనకంటే ఎంతో చిన్నవారైన పిల్లల పక్కన కూర్చొని చదువుకున్నారు. దర్జీ పని, కాఫీ అంగడిలో ఊడిగం, చిన్నవారికి పాఠాలు చెప్పడం, ఇలా దొరికిన ప్రతి పనీ చేసి తిండికి, బసకు సంపాదించుకున్నారు. 1832లో తోటి విద్యార్థులతో కలిసి ఒక ఉల్లాస సంఘాన్ని స్థాపించారు. దాని నియమాలు స్వల్పం: చెడు మాట, చెడు పని కూడదు. పాఠం తప్పకూడదు. దిగులుగా ఉండకూడదు.

ఆ రోజులలోనే కియేరికి ఒక మల్లవిద్యా ప్రదర్శకుడు వచ్చాడు. పరుగులో, దూకుడులో తనకు సాటి లేరని చాటుకుంటూ, ఆదివారం పూట విద్యార్థులను గుడికి పోనీయకుండా తన చుట్టూ తిప్పుకుంటున్నాడు. బోస్కో అతనితో పందేనికి సిద్ధపడ్డారు. పరుగుకు 20, కాలువ దూకడానికి 40, కర్రను చేతి నుండి భుజానికి, గడ్డానికి, నుదుటికి ఆడించడానికి 80, చివరకు చెట్టెక్కడానికి 100 లీరాలు పందెం. ప్రదర్శకుడు చెట్టు చిటారు కొమ్మ దాకా పోగలిగినంత పోయాడు. బోస్కో అదే కొమ్మను చేతులతో పట్టి, తలకిందులై కాళ్లు పైకి చాచి అతని కంటే ఎత్తు చేరారు. 240 లీరాలు పోగొట్టుకొని కుంగిపోయిన ఆ మనిషిని చూసి విద్యార్థుల మనసు కరిగింది. స్నేహితులందరికీ ఒక పూట భోజనం పెట్టిస్తే చాలునని సొమ్ము తిరిగి ఇచ్చేశారు. ఓడినవానిని అవమానించి పంపకూడదన్న ఆటనీతి ఆయన జీవితంలో చివరిదాకా నిలిచింది.

ట్యూరిన్ నగరపు వలస బాలురు

1841 జూన్ 5న ఆయన గురుపట్టాభిషేకం పొందారు. మతగురువులను గౌరవంగా డాన్ అని పిలవడం ఇటలీలో ఆచారం గనుక, నాటినుండి డాన్ బోస్కో అయ్యారు. పై శిక్షణకై రాజధాని ట్యూరిన్ చేరారు. నగరం వేగంగా విస్తరిస్తున్న కాలమది. కట్టడాల పనులకు కొండ ప్రాంతాల నుండి, పల్లెల నుండి బాలురు గుంపులుగా వస్తుండేవారు. ఇటుకలు, సున్నం మోసేవారు, రాళ్లు చెక్కేవారు, పొగగొట్టాలు శుభ్రం చేసేవారు, అందరూ పసివాళ్లే. కొందరు పని కాలం ముగియగానే ఊళ్లకు మరలిపోయేవారు. వారికి బడి లేదు, పలకరించే పెద్దదిక్కు లేదు. ఆదివారం వస్తే వీధులే గతి.

తన మార్గదర్శి కఫాస్సోతో కలిసి డాన్ బోస్కో నగరంలోని చెరసాలలను దర్శించారు. ఆరోగ్యవంతులు, చురుకైనవారు అయిన బాలురు అక్కడ మగ్గిపోవడం, విడుదలైన కొద్ది కాలానికే మళ్లీ అక్కడికే చేరడం ఆయనను కలచివేసింది. బయట వీరికి ఒక్క ఆప్తుడు ఉండి, సెలవు దినాలలో వీరిని కనిపెట్టుకొని ఉంటే ఈ గతి పట్టదు కదా అన్న ఆలోచన నాడే బలపడింది.

1841 డిసెంబరు 8న అస్సీసి ఫ్రాన్సిస్ దేవాలయంలో ఆయన పూజకు సిద్ధమవుతుండగా ఒక బాలుడు లోపలికి వచ్చాడు. ఏ పనీ చేయడం రాని వాడెందుకు వచ్చాడంటూ గుడి సేవకుడు వానిని కొట్టి తరిమాడు. డాన్ బోస్కో వానిని వెనక్కి పిలిపించారు. వాని పేరు బార్తొలొమేయో గరెల్లి. ఆస్తి ప్రాంతం నుండి వచ్చిన పదహారేళ్ల తాపీపని కుర్రాడు. తల్లిదండ్రులు లేరు. చదవడం, రాయడం రాదు. మతబోధ తరగతికి పోవాలంటే తనకంటే చిన్నవారు అన్నీ చెబుతుంటే తాను నోరెళ్లబెట్టుకొని కూర్చోవాలని సిగ్గు. ఈల వేయడం వచ్చా అని అడిగినప్పుడే ఆ బాలుని ముఖంలో నవ్వు మెరిసిందని జీవిత చరిత్రలు చెబుతాయి. ఏమి రాదో అడిగితే తల వంచుకున్న బాలుడు, ఏమి వచ్చో అడిగితే తల ఎత్తాడు. కొద్ది రోజులలోనే గరెల్లి మరికొందరిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఓరటరీ అని పిలవబడిన ఆదివారపు కూటమి అలా మొదలైంది. అందులో ప్రార్థన, ఆట, చదువు మూడూ ఉండేవి.

ఇటువంటి ప్రయత్నం ట్యూరిన్‌లో ఇదే మొదటిది కాదు. 1840లోనే జొవాన్ని కొక్కి అనే మతగురువు నగరపు పేదవాడలో ఇలాంటి కేంద్రాన్ని ఆరంభించారు. దాన్ని ఒక సంపూర్ణ విద్యా విధానంగా పెంచి, దేశదేశాలకు వ్యాపింపజేసిన ఘనత మాత్రం డాన్ బోస్కోది.

తరిమివేయబడిన ఆటస్థలం

1844లో ట్యూరిన్‌లో మరొక ముఖ్యమైన సంఘటన జరిగింది. సైనికులకు వ్యాయామం నేర్పడానికి వచ్చిన రుడాల్ఫ్ ఓబర్‌మన్ అనే స్విట్జర్లాండ్ దేశీయుడు, మరికొందరు నగర ప్రముఖులు కలిసి ఆ ఏడాది ఒక వ్యాయామ సంఘాన్ని నెలకొల్పారు. ఇటలీలో క్రమబద్ధమైన శారీరక విద్యకు అది నాంది. 1878లో చట్టం ద్వారా వ్యాయామం ఇటలీ పాఠశాలలన్నింటిలో తప్పనిసరి అయింది. ఆ ఉద్యమం చేసిన మేలు గొప్పది. అయినా పాఠశాల గడప తొక్కని బాలునికి పాఠశాల వ్యాయామం వల్ల ఒరిగేది ఏముంది? ఆ లోటును అదే నగరంలో, అవే సంవత్సరాలలో, చేతిలో చిల్లిగవ్వ లేని ఒక మతగురువు పూరించడానికి పూనుకున్నారు.

ఆయనకు చోటు దొరకడమే గగనమైంది. ఒక శ్మశానవాటిక ప్రార్థనాలయం వద్ద చేరితే అక్కడివారు వెళ్లగొట్టారు. దోరా నది పిండిమరల చెంత చేరితే అల్లరి భరించలేమని ఫిర్యాదులు వెళ్లాయి. అద్దె గదులలో చేరితే పొరుగువారు సహించలేదు. చివరకు ఒక పచ్చికబయలును అద్దెకు తీసుకుంటే, పిల్లల తొక్కిడికి గడ్డి వేళ్లతో సహా నాశనమవుతున్నదని యజమానులు ఖాళీ చేయమన్నారు. కూలి పిల్లలు వందలుగా గుమిగూడడం అల్లర్లకు దారితీస్తుందేమోనని నగర అధికారులు అనుమానించారు. ఆయనకు మతి చలించిందని తోటి గురువులే కొందరు చికిత్సాలయానికి తరలించ చూశారు. ఆయన ఉపాయంగా వారినే బండి ఎక్కించి పంపివేశారన్నది ప్రసిద్ధమైన కథ.

1846 ఏప్రిల్ 12, ఈస్టర్ పండుగ నాడు, వల్దొక్కో అనే పేటలో పినార్ది అనే వ్యక్తి ఇంటికి ఆనుకొని ఉన్న ఒక వంగిన చూరు కొట్టం, దాని చుట్టూ కొంత ఖాళీ స్థలం దక్కాయి. కొట్టం ప్రార్థనాలయమైంది. ఖాళీ స్థలం ఆటస్థలమైంది. ఆ ఏడాది జూలైలో ఆయన తీవ్రంగా జబ్బుపడి మరణం అంచుదాకా వెళ్లారు. తాపీపని కుర్రాళ్లు పగలంతా బరువులు మోస్తూనే ఆయన కోసం ఉపవాసాలు చేశారు. కోలుకున్నాక నవంబరులో తల్లి మార్గరీతను వెంటబెట్టుకొని ఆయన వల్దొక్కోకు తిరిగి వచ్చారు.

ఆట నుండి అక్షరానికి

ఆదివారం తెల్లవారకముందే పిల్లలు వచ్చి చేరేవారు. పూజ తరువాత ఆట, మధ్యాహ్నం ఆట, మతబోధ, మళ్లీ పొద్దుగూకేదాకా ఆట. చెక్కబంతులు దొర్లించడం, కర్రకాళ్లపై నడక, ఊయలలు, పరుగు పందేలు, కవాతు ఉండేవి. మన చెడుగుడు వలె రెండు పక్షాలుగా చీలి, ఎదుటివారిని పట్టి బందీలుగా చేసుకొనే ఆట ఒకటి పీడ్‌మాంట్ పిల్లలకు ప్రాణం. డాన్ బోస్కో నల్లని అంగీని కొద్దిగా పైకి పట్టుకొని అందులో తానూ పరుగెత్తేవారు.

ఆ పరుగుల నడుమే ఆయన అసలు పని జరిగేది. ఒక బాలుని దగ్గరకు పోయి చెవిలో ఒక్క మాట చెప్పేవారు. పాపసంకీర్తనానికి ఎన్నాళ్లయిందని ఒకనిని, పని దొరికిందా అని ఇంకొకనిని అడిగేవారు. ఎవడు కొత్తగా వచ్చి మూలన నిలబడ్డాడో, ఎవనికి ఒంట్లో బాగాలేదో, ఎవడు కోపంతో రగులుతున్నాడో ఆటస్థలంలో కళ్లకు కట్టినట్లు కనబడుతుంది. తరగతి గదిలో మౌనంగా కూర్చున్న బాలుడు తన స్వభావాన్ని దాచుకోగలడు. ఆటలో దాచలేడు. వారం మధ్యలో ఆయన కట్టడాల వద్దకు, పనిశాలలకు వెళ్లి ఆదివారం ఆడినవారిని పలకరించి వచ్చేవారు. అందువల్ల ఆదివారపు స్నేహం శనివారం దాకా నిలిచేది.

ఇలా నమ్మకం కుదిరిన తరువాతనే అక్షరం వచ్చింది. 1845 శీతకాలం నుండి పగలు పనికి పోయేవారి కోసం రాత్రి తరగతులు నడిపారు. చదవడం, రాయడం, లెక్కలు, సంగీతం నేర్పారు. 1850 నుండి రాజ్యంలో మెట్రిక్ కొలతలు అమలులోకి రానుండగా, కూలి పిల్లలు మోసపోకూడదని 1849లో ఆ కొలతలపై సులభమైన చిన్న పుస్తకం రాశారు. 1847 నుండి ఇల్లులేని పిల్లలకు ఆశ్రయం ఇచ్చారు. 1853లో చెప్పులు కుట్టే పని, దర్జీ పని, తరువాత పుస్తకాల కుట్టుపని, వడ్రంగం, అచ్చుపని, కమ్మరం నేర్పే శాలలు వెలిశాయి. 1851, 1852 సంవత్సరాలలో ఆయన పూనికతో కుదిరిన శిక్షణ ఒప్పందాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. యజమాని బాలుణ్ణి కొట్టరాదు, వృత్తికి సంబంధం లేని చాకిరీ చేయించరాదు, ఆదివారం, పండుగ దినాలు విశ్రాంతికి విడిచిపెట్టాలి అన్న షరతులు వాటిలో ఉన్నాయి. బాలునికి ఆటదినాన్ని కాగితం మీద హక్కుగా రాయించిన మనిషి ఆయన.

ఈ సంబరంలో నష్టపోయినవారూ ఉన్నారు. 1848 యుద్ధకాలంలో పిల్లలందరికీ సైనికుల ఆటపై మోజు పుట్టింది. బ్రోసియో అనే మాజీ సైనికుడు వారికి కవాతు నేర్పాడు. ఉత్తుత్తి యుద్ధంలో ఒక పక్షం వెనుకంజ వేస్తూ, మార్గరీతమ్మ చెమటోడ్చి పెంచిన కూరగాయల మడిని తొక్కి మట్టిపాలు చేసింది. ఇక భరించలేను, ఊరికి పోతానని ఒకనాడు ఆమె పట్టుబట్టింది. కొడుకు మారుమాటాడక గోడపై ఉన్న సిలువను చూపారు. ఆమె కన్నీరు తుడుచుకొని మళ్లీ పనిలో పడింది. 1856లో మరణించేదాకా ఆ పిల్లలందరికీ ఆమే అమ్మ.

నమ్మకమే కాపలా

డాన్ బోస్కో విద్యా విధానానికి నివారణ పద్ధతి అని పేరు. తప్పు చేశాక దండించడం కంటే, తప్పు చేసే అవసరం రాకుండా తోడుగా నిలవడం మేలన్నది దాని సారం. ఆలోచన, భక్తి, ఆప్యాయత దానికి మూడు స్తంభాలు. 1877లో రాసిన చిన్న గ్రంథంలో ఆయన దాన్ని వివరించారు. పిల్లలకు ఇష్టం వచ్చినట్లు గెంతడానికి, పరుగెత్తడానికి, అరవడానికి పూర్తి స్వేచ్ఛ ఇవ్వాలని, వ్యాయామం, సంగీతం, నాటకం, విహారయాత్రలు క్రమశిక్షణకు, ఆరోగ్యానికి, సత్ప్రవర్తనకు మిక్కిలి శక్తిమంతమైన సాధనాలని అందులో చెప్పారు. పిల్లల ఆటను అల్లరిగా, కాలహరణంగా చూసే ఉపాధ్యాయులు అధికంగా ఉన్న కాలంలో ఇది సాహసమే.

1855లో జరిగినట్లు జీవిత చరిత్రలు చెప్పే ఒక ఘట్టం ఈ నమ్మకానికి నిదర్శనం. ట్యూరిన్ బాలనేరస్థుల నిర్బంధ గృహంలోని 300 మందికి పైగా బాలురను ఒక పగలంతా విహారానికి తీసుకుపోవడానికి ఆయన మంత్రి రతాజ్జి అనుమతి కోరారు. కాపలాదారులెవరూ వెంట రాకూడదన్నారు. స్తుపినీజి అనే చోట పిల్లలు రోజంతా ఆడి, పాడి, తిని, సాయంత్రం అందరూ తిరిగి వచ్చారు. ఒక్కడూ పారిపోలేదు.

1884 నాటి హెచ్చరిక

1859 డిసెంబరులో ఆయన తన శిష్యులతో సలేషియన్ సభను స్థాపించారు. తొలినాటి ఆటస్థలంలో బాలికలకు చోటు లేదు. ఆ లోటు తీర్చడానికి 1872లో మరియ మజ్జరెల్లోతో కలిసి కన్యాస్త్రీల సభను నెలకొల్పారు. 1875లో శిష్యులు అర్జెంటీనా చేరారు. వల్దొక్కో పెద్ద వసతి విద్యాలయమైంది. భవనాలు పెరిగాయి, నియమాలు పెరిగాయి.

ఆ సమయంలో, 1884 మే నెలలో, రోమ్ నగరం నుండి ఆయన వల్దొక్కోకు ఒక ఉత్తరం రాశారు. అందులో ఒక కలను వర్ణించారు. మొదట పాత రోజుల ఆటస్థలం కనబడింది. పిల్లలు ఉరుకులు పరుగులు పెడుతున్నారు, పెద్దలు వారిలో కలిసిపోయి ఉన్నారు. తరువాత నాటి ఆటస్థలం కనబడింది. పిల్లలు స్తంభాలకు ఆనుకొని విసుగ్గా నిలబడ్డారు, పెద్దలు దూరంగా తమలో తాము మాట్లాడుకుంటున్నారు. పిల్లలను ప్రేమిస్తే సరిపోదని, తాము ప్రేమించబడుతున్నామని పిల్లలకు తెలియాలని, వారికి ఇష్టమైనవాటిని పెద్దలు ఇష్టపడినప్పుడే అది తెలుస్తుందని ఆయన ఆ ఉత్తరంలో బోధించారు. ఆటస్థలం ఉండి, బంతులు ఉండి, పెద్దలు లేకపోతే అది ఒట్టి ఖాళీ స్థలమేనన్నది ఆయన ఆవేదన.

1888 జనవరి 31న ట్యూరిన్‌లో ఆయన కన్నుమూశారు. 1934 ఏప్రిల్ 1న, ఈస్టర్ నాడే, కతోలిక సభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

మన నేలపై

1906లో ఆయన శిష్యులు తంజావూరు చేరడంతో దక్షిణాదిలో సలేషియన్ల సేవ మొదలైంది. 1951లో వారు తిరుపత్తూరులో సేక్రెడ్ హార్ట్ కళాశాలను స్థాపించారు. 1989లో విజయవాడలో వారు ప్రారంభించిన నవజీవన్ బాలభవన్, రైలు కూడలికి వచ్చి చేరే వీధిబాలలకు ఆశ్రయమైంది.

సరిహద్దు పల్లెల కుటుంబాలకు ఈ జీవితగాథ దూరదేశపు కథ కాదు. ఇటుక బట్టీలకు, చెరకు కోతలకు, నగరాల కట్టడాలకు వలసపోయే కుటుంబాల పిల్లలు మన నడుమనే ఉన్నారు. ఊరు మారితే బడి మారుతుంది, బోధన భాష మారుతుంది. ఏడాది తప్పినవాడు తిరిగి వచ్చి తనకంటే చిన్నవారి పక్కన కూర్చోవడానికి సిగ్గుపడి బడి మానుకుంటాడు. గరెల్లి సిగ్గు కూడా అదే. అటువంటి బాలుడు బడి గేటు బయట నిలబడి లోపలి ఆటను చూస్తూ ఉండడం మనమెరిగినదే. పరుగుకు, బంతికి, చెడుగుడు కూతకు తరగతి లేదు, మార్కుల జాబితా లేదు, రాష్ట్రభాష అడ్డు రాదు. ఆ బాలుణ్ణి ముందు ఆటలోకి పిలిచి, పేరు అడిగి, మరుసటి రోజు రాకపోతే ఇంటికి వెళ్లి కనుక్కొనే పెద్దమనిషి ఒక్కరుంటే సగం పని జరిగినట్లే. వ్యాయామ ఉపాధ్యాయుడైనా, ఊరి యువజన సంఘం కార్యకర్తయినా, చదువుకున్న అన్నయ్యో అక్కయ్యో అయినా ఆ పెద్దమనిషి కావచ్చు.

అందుకు కావలసినవి కొంత ఖాళీ స్థలం, వారంలో ఒక సాయంత్రం, పిల్లలతో కలిసి పరుగెత్తడానికి సిగ్గుపడని మనసు. వల్దొక్కోలో డాన్ బోస్కో వద్ద మొదట ఉన్న ఆస్తి కూడా ఇంతే.